మామ మీసం మీద పందెం కాసిన పంపు

పంపు గురించి చెప్పే ముందు మా మామ మీసం గురించి చెప్పాలి. పంపు కన్నా అదే పాతది. చాలాకాలం పాటు పంపు కన్నా అదే బాగా పనిచేసింది కూడా.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన కూతురినే నాకిచ్చారు. అందువల్ల పుట్టినప్పుడు ఒకసారీ, పెళ్లినాడు ఇంకోసారీ ఆయన నాకు మామ అయ్యాడు. రెండు వరసల్లోనూ నన్ను తిట్టే హక్కు ఆయనకుంది. ఏ రోజు ఏ వరసలో తిడుతున్నదీ ఆయన చెప్పడు, నేనే కనుక్కోవాలి.

బంగారుపాళ్యం దాటాక హైవే నుంచి కొంచెం లోపలికి ఆయన మామిడితోట. తోటకు కంచె లేదు, మీసమే కంచె. కోతులు దూరం నుంచే దాన్ని చూసి పక్క తోటలోకి దారి మళ్లించుకుంటాయి. ఒకసారి చిత్తూరు బస్సులో కండక్టరు ఆయన ఒక్కడికే రెండు టిక్కెట్లు కొట్టాడట, ఒకటి ఆయనకు, ఒకటి మీసానికి. అలా జరగలేదని అత్త అంటుంది. ఆ రోజు అత్త బస్సులో లేదు. నేనూ లేను. కాబట్టి ఇద్దరి మాటకూ సమాన విలువ ఇవ్వాలి.

ఏటా అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు పోయి గుండు కొట్టించుకోవడం మామకు అలవాటు. తల మొత్తం నున్నగా అయ్యాక క్షురకుడి కత్తి పెదవి దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెడతాడు.

"ఆడికి ఆపప్పా. తలకాయ స్వామిది. మీసం నాది."

ఇక నా సంగతి. నేను నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టాను. మగ్గాల చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి, నమ్మించాలంటే పెంచి చెప్పాలి. ఈ రెండు అలవాట్లూ అక్కడివే. మగ్గం మాత్రం నాకు అబ్బలేదు. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు వేసి పంపులు బాగుచేస్తున్నాను. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల పంపులన్నీ నా దగ్గరికే వస్తాయి. పంపు వెంట గుజ్జు, గుజ్జు వెంట ఈగలు, ఈగల వెంట ఫ్యాక్టరీ మనిషి తొందర. కాయల కాలం అయిపోయాక చేతికి పని ఉండదు. అప్పుడు వస్తువుల్ని మెరుగుచేస్తుంటాను.

బాగుచేయడం వేరు, మెరుగుచేయడం వేరు. బాగుచేసిన వస్తువు మునుపు చేసిన పని మళ్లీ చేస్తుంది. మెరుగుచేసిన వస్తువు మునుపెన్నడూ చేయని పనులు చేస్తుంది. మా ఇంటి రుబ్బే గ్రైండరుకు పెద్ద మోటారు బిగించినప్పుడు, మినపప్పు రుబ్బడంతో పాటు గోడ అవతల కట్టేసిన మేకకు సున్నం వేసినట్టు పిండి పూయడం కూడా అది నేర్చుకుంది. ఆ మేక యజమానికి మేము రెండు రోజులు ఇడ్లీలు పంపవలసి వచ్చింది. మేకకు కూడా.

అసలు కథ మా అత్త పొయ్యి దగ్గర మొదలైంది.

మామ తోటలో ఆవుల కొట్టం పక్కన పేడ గ్యాసు తొట్టి ఉంది. వంటిల్లు అక్కడికి చాలా దూరం. గ్యాసు గొట్టంలో పడి మెల్లగా నడిచి వచ్చేసరికి, పొయ్యి మీద మంట మిణుగురు పురుగంత అవుతుంది. ఒకరోజు పొద్దున నేనూ నా భార్యా తోటకు వెళ్లినప్పుడు అత్త దోసె పోసి, పెనం పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏం నాయనా," అంది నాతో, "ఊళ్లో పంపులన్నీ నువ్వే బాగుచేస్తావంట. ఈ పొయ్యికి ఏమన్నా దారి సూపిచ్చగూడదా? ఈ మంట మీద దోసె కాలే లోపల బయట పిందంతా కాయై కూసుంటాది."

"గ్యాసులో బలం లేదత్తా. కొట్టం కాణ్ణించి ఈడికి నడిసొచ్చే లోపల అలిసిపోతాండాది. యెనకాల నించి తోసేది ఒకటి గావాల."

"నువ్వుండావు గదా, పోయి తొయ్యి," అన్నాడు మామ, పచ్చి దోసెను చట్నీలో ముంచుతూ.

"పంపు పెట్టాల మామా. నీ మామిడి మొక్కలకు గుంతలోంచి నీళ్లు తోడేదానికి గూడా పంపు గావాలంటివి గదా. రెండిటికీ ఒకటే పెడతా. పొద్దున నీళ్లు తోడతాది, సాయంత్రం గ్యాసు తోస్తాది."

మామ దోసె కింద పెట్టాడు.

"ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నాడంట నీలాంటోడే. నీళ్లు తోడే పంపు గాలి తోస్తాదా?"

నేను చెప్పాను. మామూలు నీళ్ల పంపుకు గాలి తగిలిందంటే పని మరిచిపోయి ఊరికే గిర్రున తిరుగుతుంది. నేను చెప్పేది వేరే రకం. ఒక గుండ్రటి ఇనుప డబ్బా. అందులో ఒక చిన్న డోలు, నడిమధ్యలో కాకుండా ఒక పక్కకు ఆనించి ఉంటుంది. డోలుకు నిలువునా గాళ్లు, అంటే కోసిన సన్నటి సందులు, ఆ గాళ్లలో పలకలు. డోలు తిరుగుతుంటే పలకలు బయటికి జారి, లోపలికి జారి, డబ్బా గోడను ఒరుసుకుంటూ పోతాయి. ఖాళీ పెద్దదయ్యే వైపు పీల్చుకుంటుంది, చిన్నదయ్యే వైపు తోసేస్తుంది. దానికి నీళ్లయినా ఒకటే, గాలైనా ఒకటే. ఇదంతా నేను అన్నం గిన్నెలో గ్లాసు పెట్టి, గ్లాసు చుట్టూ అప్పడం ముక్కలు నిలబెట్టి చూపించాను. మామ అప్పడం ముక్కలు తీసుకుని తినేశాడు.

"ఒరే, మీ నాయన మగ్గం నేర్పిస్తే నువ్వు మాటలు నేసేది నేర్సుకున్న్యావు. సరే, ఇను. నీ పంపు నీళ్లు లాగి, మళ్లా గ్యాసు గూడా తోసి, మీ అత్త పొయ్యి భగ్గుమన్నిందంటే నా మీసం తీసేస్తా."

అత్త అట్లకాడ పట్టుకుని లేచి నిలబడింది.

"అట్ల కాకపోతే?" అన్నాను.

"కాకపోతే ఆ రేకుల షెడ్డుకు తాళం యేసేసి, మా మామిడి మండీలో కాటా కాడ కూసో. మెరుగు గిరుగు అని ఇంగ ఒక్క వస్తువును ముట్టుకోగూడదు. ఇంగోటి, సెంబుతో నీళ్లు పోసి బతిమాలి లాగించేది లేదు. అట్ల లాగితే అది పంపు కాదు, పసిబిడ్డ. దానికదే లాగాల."

నా భార్య నా చొక్కా వెనక నుంచి లాగింది. "బావా, వద్దు. కాటా కాడ నువ్వు కూసుంటే బరువులు గూడా పెంచి సెప్తావు."

కానీ అప్పటికే నేను షెడ్డు తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టాను. పందెమంటే ఏదో ఒకటి మధ్యవర్తి దగ్గర ఉండాలి గదా. "మరి మీసం?" అని అడిగాను. మీసాన్ని కొంగున కట్టుకోవడం కుదరదు కాబట్టి మామ మాటే కట్టుకుంటానంది అత్త. తాళంచెవిని మాత్రం కొంగున ముడేసింది. పంపు పని అయ్యేవరకూ పొద్దున్నే ఆమె దగ్గరికి వచ్చి చెవి తీసుకోవడం, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యడం అని ఒప్పందం. రోజూ చెవి ఇచ్చేటప్పుడు ఆమె ఒకే మాట అనేది: "పొయ్యి జ్ఞాపకం పెట్టుకో నాయనా."

అలాంటి పంపు ఒకటి పాత ఇనుప సామాన్ల అంగడిలో దొరికింది. డబ్బా, డోలు బాగానే ఉన్నాయి, పలకలే విరిగి పొడి అయిపోయాయి. అలాంటి పలకలు ఇప్పుడు ఎవరూ చేయడం లేదని అంగడివాడు సంతోషంగా చెప్పాడు.

అప్పుడు నాకు నాడెలు గుర్తొచ్చాయి. నాడె అంటే మగ్గంలో నూలు పోగును ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకుపోయే కొయ్య. పడవ ఆకారంలో ఉంటుంది. జీవితమంతా జారడం తప్ప దానికి ఇంకో పని తెలియదు. మా నగరి ఇంట్లో అరిగిపోయిన నాడెలు గోనెసంచి నిండా ఉన్నాయి. పలక చేయవలసిన పని కూడా జారడమే గదా! ఆ సంచి తెచ్చి షెడ్డులో కుమ్మరించాను.

నా షెడ్డులో లేతు మిషను మీద పనిచేసే మేస్త్రి ఒకడున్నాడు. నా వయసువాడే. ఏ వస్తువు చూసినా ముందు "ఇది తిరగదప్పా" అంటాడు. పెళ్లిలో అగ్ని చుట్టూ తిరగమని అయ్యవారు చెబితే కూడా అదే మాట అన్నాడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

"మేస్త్రీ, ఈ నాడెలు కోసి పలకలు సెయ్యాల."

"తిరగదప్పా."

"తిరిగితే?"

"తిరిగినా ఆగదప్పా."

పలకలు కోసి, చిత్రిక పట్టి, గాళ్లలో పెట్టాం. చేత్తో తిప్పితే వెన్నలా జారాయి. తోటకు తీసుకెళ్లి గుంత గట్టు మీద బిగించి మోటారు వేశాను. నీళ్లు కొంచెం వచ్చాయి. ఆ కొంచెం నీళ్లూ పలకలే తాగేశాయి. కొయ్య ఉబ్బి గాళ్లలో ఇరుక్కుంది, డోలు ఆగిపోయింది, మోటారు ఆగనంది, బెల్టు పొగలు కక్కింది. పొగ చూసి అత్త వంటింట్లోంచి "పొయ్యి మండిందా?" అని కేకేసింది.

మామ మీసం ఎడమ పక్క ఒకసారి తిప్పాడు.

రెండో మెరుగు ఆముదం. కొయ్య నీళ్లు తాగకుండా ఉండాలంటే ముందే ఇంకేదైనా తాగి ఉండాలి. పలకల్ని ఆముదంలో కాచి, దాంట్లోనే నానబెట్టాం. ఈసారి ఉబ్బలేదు. నీళ్లు ధారగా వచ్చాయి, కాకపోతే ఆముదం కూడా తోడు వచ్చింది. ఆ సమయానికి మామిడికాయలు ఎత్తడానికి వచ్చిన లారీ డ్రైవరు, నేను వద్దు వద్దంటున్నా, చల్లగా ఉన్నాయని సీసా నిండా పట్టుకుని తాగాడు. బంగారుపాళ్యం నుంచి పలమనేరు వరకు రోడ్డు పక్క ఉన్న ప్రతి పొదనూ అతను పేరు పెట్టి పిలవగలడని తర్వాత తెలిసింది. కాయలు బెంగళూరు చేరేసరికి పచ్చివి పండ్లయ్యాయి.

ఆముదం కడిగి నీళ్లు శుభ్రమయ్యాయి గానీ, అసలు జబ్బు అప్పుడే బయటపడింది. మోటారు ఆపగానే గొట్టంలోని నీళ్లన్నీ తిరిగి గుంతలోకి జారిపోయేవి. మళ్లీ వేస్తే ఖాళీ గొట్టాన్ని పీల్చలేక పంపు గరగరమనేది. పైనుంచి చెంబుతో నీళ్లు పోస్తే లాగేది. పొయ్యకపోతే లేదు.

"పసిబిడ్డ," అన్నాడు మామ, కుడిపక్క కూడా తిప్పి.

మూడో మెరుగు స్ప్రింగులు. పలకల వెనక ఏదన్నా ఒత్తిడి ఉంటే అవి గోడకు గట్టిగా అంటుకుంటాయి, సందు ఉండదు, ఖాళీ గొట్టాన్నైనా పీలుస్తుంది. సరిపడే స్ప్రింగు కోసం చిత్తూరంతా తిరిగి, చివరికి ఇంటికొచ్చి చూస్తే బట్టలారేసే తీగ మీద వరసగా కనిపించాయి. క్లిప్పుల స్ప్రింగులు! ఎవరికీ చెప్పకుండా అన్నీ ఊడదీశాను. ఆ మధ్యాహ్నం గాలి వీచింది. మా బట్టలన్నీ వీధి చివరి వేపచెట్టు ఎక్కాయి. నా పంచె హైవే దాటి అవతలి పెట్రోలు బంకు మీద జెండాలా ఎగిరిందని చెబితే నా భార్య ఒప్పుకోదు. వేపచెట్టు వరకు ఒప్పుకుంటుంది.

"బావా," అంది, కొంగు బిగించుకుని, "నీ పంపు లాగకపోతే నిన్ను కాటా కాడ కూసోబెట్టేది మా నాయన కాదు, నేను."

అంటే షెడ్డు మూయించడానికి ఇప్పుడు ఇద్దరు కాచుకున్నారు. షెడ్డంటే ఏముంది, నాలుగు రేకులు, ఒక లేతు. కానీ పొద్దున్నే తలుపు తీస్తే వచ్చే ఆ నూనె వాసన, ఏదో ఒకటి విప్పి చూడవచ్చన్న ఆశ, అవి లేకుండా మండీలో కూర్చుని ఒకరి మామిడికాయల బరువు ఇంకొకరికి చెప్పుకుంటూ బతకడం నావల్ల కాదు. అబద్ధాలాడేవాడికి కాటా దగ్గర ఏం పని చెప్పండి!

స్ప్రింగులు పెట్టాక షెడ్డులో చూస్తే పంపు బాగానే ఉంది. వేలు పెడితే వేలిని పీల్చింది. ఆపాక ఏమవుతుందో మాత్రం అక్కడ తేలదు. తోటలో అందరి ముందు ఆఖరి పరీక్ష అని మామ శుక్రవారం ఖాయం చేశాడు.

శుక్రవారం పొద్దున తోటలో చుట్టుపక్కల రైతులు, టీ అంగడి ఆయన, కాయలు కోసే ఆడవాళ్లు అందరూ చేరారు. ఫోన్లు తీసి పట్టుకున్నారు. మామ మీసానికి కొబ్బరినూనె రాసుకుని, తెల్ల పంచె కట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా కుర్చీలో కూర్చున్నాడు.

పంపు గట్టు మీద ఉంది. దాని కింద బిగించవలసిన వెడల్పు గొట్టం పక్కన నిలబెట్టి ఉంది. ఆ వెడల్పు గొట్టం కింద చివర సన్నబడి, సన్న గొట్టమై గుంతలోకి పోతుంది. ఆకులూ అలములూ రాకుండా పంపు నోట్లో ఒక జల్లెడ పెట్టాను. ఇంతవరకు గుర్తుపెట్టుకుంటే చాలు.

అత్త పళ్లెంతో వచ్చింది. పంపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. పళ్లెంలో గూడూరు నుంచి తెప్పించిన నిమ్మకాయలు.

"తిరిగేదానికి దేనికైనా మొదట నిమ్మకాయ తొక్కియ్యాల," అంది. "లారీకైనా, ట్రాక్టరుకైనా అంతే గదా."

"వాటికి చక్రాలుండాయత్తా. దీనికి కింద చక్రం యాడుండాది?" అన్నాను.

"తిరిగేది ఏది మరి?"

"లోపల డోలు తిరగతాది."

"లోపలనా?" అంది అత్త. "సరే నాయనా."

ఈలోగా మామ మేస్త్రిని పిలిచి, ఇది తిరుగుతుందా అని అడిగాడు. మేస్త్రి అందరి ముందు "తిరగదప్పా" అన్నాడు. నా జీతం తింటూ అలా అంటావా అని నేను వాడి మీదికి వెళ్లాను. టీ అంగడి ఆయన మమ్మల్ని విడదీశాడు. ఆ గొడవ అయ్యాక వచ్చి గొట్టాన్ని పంపుకు బిగించేశాం.

మోటారు వేశాను. పంపు ఒకసారి దగ్గింది. గొట్టంలో ఏదో టక్కుమంది. నీళ్లు వచ్చాయి! మామిడి మొక్కల కాలువలో పడి పరుగెత్తాయి. కాయలు కోసే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఆపు," అన్నాడు మామ. "ఆపి మళ్లా యెయ్యి. సెంబు ముట్టుకోవద్దు."

ఆపాను. చుట్ట కాలేంతసేపు ఆగాం. మళ్లీ వేశాను. వేసిన చేయి తీయకముందే నీళ్లు దుమికాయి. మామ లేచి నిలబడ్డాడు. మళ్లీ ఆపమన్నాడు, మళ్లీ వేయమన్నాడు. ప్రతిసారీ అదే వేగం. మామ చెయ్యి మీసం మీదికి పోయింది, తిప్పడానికి కాదు, దాచుకోవడానికి.

"స్ప్రింగులు!" అన్నాను జనానికి. "అంతా ఆ స్ప్రింగుల మహిమ. పలక గోడను ఇడిసిపెట్టదు, అదే కిటుకు."

"బట్టల క్లిప్పులు," అంది నా భార్య.

"నీళ్లు సరే," అన్నాడు మామ. "గ్యాసు యాడ?"

గుంతలోంచి గొట్టం తీసి, పేడ గ్యాసు తొట్టి గొట్టానికి కలిపాం. పంపు అవతలి మూతిని వంటింటి గొట్టానికి కలిపాం. మేస్త్రిని పంపు దగ్గర నిలబెట్టి, కేకేసినప్పుడు మోటారు వేయమని చెప్పి అందరం వంటింటికి నడిచాం. జనం ఎక్కువై కొందరు కిటికీలోంచి తలలు పెట్టారు. పొయ్యి ఎవరు వెలిగించాలన్న మాట వచ్చింది. మీసం కాసినవాడే వెలిగించాలన్నాడు మామ. అగ్గిపెట్టె తీసుకుని పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"యెయ్యి మేస్త్రీ!" అని కేకేశాను.

మోటారు చప్పుడు వినిపించింది. మామ అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాడు. పొయ్యి గుడగుడలాడింది. తర్వాత బుడుంగున నీళ్లు ఎగజిమ్మింది. పంపులో మిగిలిపోయిన నీళ్లు! మామ ముఖం తడిసింది, అగ్గిపుల్ల ఆరింది.

తర్వాత మామ నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగేలా నవ్వాడు.

"సూసినారా అబ్బా! పొయ్యిలో నీళ్లు! ఇంగ బాయిలో అన్నం వండుకోవాల! ఒరే, రేపొద్దున కాటా కాడికి వొచ్చెయ్. కుర్సీ ఏస్తా."

"ఇంగో పుల్ల గియ్యి మామా. నీళ్లు అయిపోయినాయి, గ్యాసు వస్తాండాది."

"ఎన్ని పుల్లలైనా గీస్తా. ఈ పెట్టె మొత్తం గీస్తా. ఏదీ, యాడుండాది గ్యాసు? నాకైతే..." అంటూ ఇంకో పుల్ల వెలిగించి, పొయ్యిలోకి వంగి చూశాడు.

భగ్గుమంది.

ఆ మంట ఎంత ఎత్తు లేచిందని అడిగితే, తిరుపతిలో కనిపించిందని చెబుతాను. కానీ ఇంట్లోవాళ్లు చదువుతారు గనక, అట్లకాడంత ఎత్తని రాస్తున్నాను. మామ వెనక్కి పడ్డాడు. నేను పొయ్యి వాల్వు కట్టేశాను. చర్మానికి ఏమీ కాలేదు, కనుబొమలకూ ఏమీ కాలేదు. మంటకు పందెం సంగతి ఎవరు చెప్పారో తెలియదు, సరిగ్గా మీసం ఎడమపక్క మాత్రం తీసుకుంది. కుడిపక్క కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ అలాగే ఉంది.

నా భార్య అద్దం తెచ్చింది. మామ చాలాసేపు చూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. కిటికీలోని తలలు ఒక్కొక్కటే కిందికి జారిపోయాయి, గోడ అవతల నుంచి కిసుక్కు కిసుక్కుమని నవ్వులు వచ్చాయి.

"సగం చెల్లించినావు మామా," అన్నాను. "మిగతా సగం నీ ఇష్టం వొచ్చినప్పుడు ఇయ్యి."

అప్పుడు అత్త పొయ్యి మళ్లీ వెలిగించి, ఈసారి దూరం నుంచి, పెనం పెట్టి దోసె పోసింది. దోసె చుయ్‌మంది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు నేను నా పెళ్లిలో కూడా చూడలేదు. దోసె తిప్పుతూ మామూలుగా అంది:

"లోపల యేసిన నిమ్మకాయ నలిగిందో లేదో ఒకసారి సూడు నాయనా."

"లోపల... ఏ నిమ్మకాయ?"

"నువ్వే గదా సెప్పినావు, లోపల తిరగతాదని. బయట చక్రం లేకపోతే లోపలిదానికే తొక్కియ్యాల గదా. మీరు మేస్త్రితో కొట్లాడతాంటే ఆ పెద్ద గొట్టంలో ఒకటి యేసేసినా."

అందరం గట్టు దగ్గరికి పరుగెత్తాం. మామ అందరికన్నా ముందు, సగం మీసంతో. గొట్టం విప్పాం. నిమ్మకాయ నలగలేదు. పైన జల్లెడ అడ్డం ఉంది కాబట్టి పంపులోకి పోలేదు. కింద గొట్టం సన్నబడే చోట, గుడ్డు గూట్లో కూర్చున్నట్టు, నున్నగా కూర్చుని ఉంది. పంపు పీల్చినప్పుడు పైకి లేచి దారి ఇస్తోంది. పంపు ఆపగానే టక్కున కిందికి దిగి మూతలా కప్పేస్తోంది. నీళ్లు వెనక్కి జారే దారి మూసేసింది అది. కొయ్య, ఆముదం, స్ప్రింగులు, నా తెలివి, ఇన్ని కలిసి చేయలేని పని ఒక గూడూరు నిమ్మకాయ చేసింది.

నమ్మలేక నిమ్మకాయ తీసేసి, గొట్టాన్ని మళ్లీ గుంతలో పెట్టి నడిపాను. ఆపి వేస్తే గరగర. పసిబిడ్డ. నిమ్మకాయ పెడితే నీళ్లు.

"తిరిగింది నిమ్మకాయప్పా," అన్నాడు మేస్త్రి. జీవితంలో మొదటిసారి వాడు ఏదో ఒకటి తిరిగిందని ఒప్పుకున్నాడు.

మామ గట్టు ఎక్కాడు.

"పందెం సెల్లదు! లాగింది నీ పంపు కాదు, మా ఆడమనిషి నిమ్మకాయ. నా మీసం నాకియ్యి!"

"కాలిపోయినదాన్ని యాణ్ణించి తెచ్చేది మామా? నిమ్మకాయ గూడా పంపులోదే. నేను ఒప్పుకుంటాండా, అది నాలుగో మెరుగు."

"నువ్వు యేసినావా?"

"పంపు నాది గదా!"

"నిమ్మకాయ నాది గదా!"

రైతులు రెండు జట్లయ్యారు. ఒక జట్టు నిమ్మకాయది, ఒక జట్టు పంపుది. టీ అంగడి ఆయన ఇద్దరికీ టీ అమ్మాడు. మా గొంతులు హైవే మీద బస్సులకు వినపడి ఉంటాయి. చివరికి అత్త వచ్చింది, ఒక చేతిలో కాలిన దోసె, అంటే బాగా కాలిన దోసె, ఇంకో చేతిలో అట్లకాడ.

"నిమ్మకాయ మీ ఇద్దరిదీ కాదు," అంది. "నేను తెప్పించినా, నేను యేసినా. అంటే పందెం ఎవురు గెలిసినట్ల?"

అట్లకాడను తన వైపు తిప్పుకుంది.

"నేను గెలిసినా. ఓడినోళ్లు ఇద్దరూ పందెం కట్టాల. ఏమయ్యా, నువ్వు ఆ మిగిలింది గూడా తీసెయ్, సగం మీసంతో నా ఎదురుగా కూసుంటే నాకు దోసె పొయ్యబుద్ధి కాదు. నాయనా, నువ్వు కాటా కాడ కూసోవద్దులే, మండీవోళ్లు బాగుపడనీ. షెడ్డు తాళంచెవి మాత్రం నా కొంగులోనే ఉంటాది."

మామ ఆ వారమే తువ్వాలు మూతికి చుట్టుకుని కొండకు పోయాడు. నేను తోడు వెళ్లాను. క్షురకుడు తల చేసి, పెదవి దగ్గరికి వచ్చి, పాత అలవాటు కొద్దీ ఆగాడు. మామ కళ్లు మూసుకుని, "కానియ్యప్పా, ఈసారి అది గూడా స్వామిదే," అన్నాడు. తిరిగి తోటకు వస్తే సొంత కుక్క మొరిగింది. మర్నాటి నుంచి కోతులు వచ్చాయి.

రెండు రోజులకే మండీలో ఆయన చెబుతున్న కథ నా చెవిన పడింది. అల్లుడి పంపు లాగక ఏడుస్తుంటే, జాలిపడి, నిమ్మకాయ కిటుకు తానే కనిపెట్టి చెప్పాడట. పంపు పనిచేస్తే మీసం ఇస్తానని స్వామికి మొక్కుకున్నాడట. విన్నవాళ్లందరూ నమ్మారు. నేను అసలు సంగతి చెప్పబోతే, "నీ మాటలు మాకు తెలవదా అప్పా," అని నవ్వారు. ఇన్నేళ్లుగా నేను కష్టపడి సంపాదించుకున్న పేరు నాకే అడ్డం వచ్చింది.

ఇప్పుడు ఆ పంపు పొద్దున నీళ్లు, సాయంత్రం గ్యాసు లాగుతూనే ఉంది. నిమ్మకాయ మెత్తబడగానే మార్చాలి. ఒకసారి మందం తోలు ఉన్న పెద్దకాయ వేసి చూశాను. అది నీళ్లలో తేలి, దారి మూయనంది. పలచటి తోలు గూడూరు కాయైతేనే మునిగి కుదురుగా కూర్చుంటుంది. శుక్రవారం శుక్రవారం అత్తే మారుస్తుంది, నన్ను ముట్టుకోనివ్వదు. తీసేసిన పాత కాయ ఏమవుతుందో నాకు కచ్చితంగా తెలియదు గానీ, మామకు వడ్డించే ఊరగాయ జాడీ మాత్రం వేరుగా ఉంటోంది.

మొన్న తోటకు వెళితే మామ పెదవి మీద మళ్లీ నల్లగా, బుద్ధిగా ఒక గీత మొలిచి ఉంది. నన్ను పక్కకు పిలిచి, దాన్ని వేలితో నిమురుతూ గొంతు తగ్గించాడు.

"ఒరే, నిమ్మకాయ లేకుండా లాగిస్తావా? ఇది బాగా పెరిగినాక ఇంగోసారి కాద్దాం."

నాకు నోరూరింది. ఇనుప గుండు ఒకటి, నిమ్మకాయంత, లేతు మీద తిప్పుకుంటే చాలు. తాళంచెవి కోసం వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పొయ్యి మీద మంట భగభగ మండుతోంది. అత్త వెనక్కి తిరక్కుండానే కొంగు ముడి ఒకసారి తడుముకుని, గట్టిగా బిగించింది.

"ముందు నా గ్రైండరు బాగుసెయ్యి," అంది. "బాగుసెయ్యి నాయనా. మెరుగుసెయ్యొద్దు."